గ్రంథాలయ సేకరణకు అంతర్జాలం – మూడవ పాఠం: కొనేముందు పుస్తకాన్ని సరిచూసుకోవడం

గత పాఠంలో పాఠకుల కోరికల నుంచి, పత్రికల సమీక్షల నుంచి, ప్రచురణకర్తల జాబితాల నుంచి ఒక ప్రతిపాదనల పట్టిక తయారు చేసుకున్నాము. ఆ పట్టికలోని ప్రతి పుస్తకాన్నీ, ఆర్డరు పంపేముందు, అంతర్జాలం సాయంతో ఎలా సరిచూసుకోవాలో ఈ పాఠంలో నేర్చుకుందాము. మన పౌర గ్రంథాలయాలు నడిచేది చాలా వరకు ఇంటి పన్నుతో కలిపి రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సుంకంతో. ఆ సొమ్ముతో ఉన్న పుస్తకాన్నే మళ్ళీ కొన్నా, పాఠకుడు అడిగిన కూర్పుకు (ఎడిషన్‌కు) బదులు వేరొకటి తెప్పించినా, నష్టపోయేది ఆ పన్ను కట్టిన ఊరివారే. అందువల్ల ఈ పనికి పట్టే సమయాన్ని అదనపు భారంగా భావించకూడదు.

మొదట వెతకవలసిన చోటు మన సొంత క్యాటలాగు. తెలుగు పేర్ల విషయంలో ఒక్కసారి వెతికి లేదనుకోవడం తగదు. 'కన్యాశుల్కం' అని వెతికితే దొరకని పుస్తకం 'కన్యాశుల్కము' అన్న పేరుతో నమోదై ఉండవచ్చు. రచయిత పేరు ఒకచోట ఇంటిపేరుతో, మరొకచోట పొడి అక్షరాలతో, ఇంకొకచోట కలం పేరుతో ఉండవచ్చు. పేరు మొత్తం కొట్టకుండా, మార్పుకు లొంగని భాగాన్ని మాత్రమే, అంటే 'కన్యాశుల్క' వరకు మాత్రమే, ఇచ్చి వెతకడం అలవాటు చేసుకోండి.

రెండవ పని కూర్పును నిర్ధారించుకోవడం. ఈ పాఠంలో ఎక్కువ శ్రద్ధ కోరేది ఇదే. గురజాడ అప్పారావు నాటకం 'కన్యాశుల్కం' మొదట 1897లో అచ్చయింది; దానిని ఆయనే సమూలంగా తిరగరాసి 1909లో రెండవ కూర్పుగా వెలువరించారు. నేడు మనం సాధారణంగా చదివే ఏడు అంకాల నాటకం ఆ రెండవ కూర్పే. అయితే అమ్మకపు వెబ్‌సైట్లలో తరచు కనిపించే సంవత్సరం ఆ ప్రతి మళ్ళీ అచ్చయిన సంవత్సరమే తప్ప ఆ రచన పుట్టిన సంవత్సరం కాదు. లోపల ఉన్నది 1897 నాటి కూర్పా, 1909 నాటిదా, ప్రదర్శన కోసం కుదించినదా అన్నది చాలాసార్లు అక్కడ తెలియదు. పరిశోధక విద్యార్థి మొదటి కూర్పును అడిగినప్పుడు ముఖచిత్రం చూసి కొంటే పొరపాటు తప్పదు. కొన్ని పుటలు చూపే సౌకర్యం ఉంటే విషయసూచికను, ముద్రణ వివరాలున్న పుటను తెరిచి చూడండి; లేకపోతే ప్రచురణ సంస్థకు ఫోను చేసి అడగండి. తెలుగు ప్రచురణకర్తలలో ఎక్కువమంది ఇటువంటి ప్రశ్నలకు ఓపికగానే బదులిస్తారు.

పెద్ద గ్రంథాలయాల క్యాటలాగులు ఇక్కడ మనకు గొప్ప అండ. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో కార్యాలయం తెరిచి, తెలుగుతో సహా మన భాషల పుస్తకాలను సేకరిస్తూ వస్తోంది. ఎన్నో దేశాల గ్రంథాలయాల వివరాలను ఒకేచోట చూపే వరల్డ్‌క్యాట్‌లోనూ తెలుగు పుస్తకాలు విస్తారంగా కనిపిస్తాయి. వీటిలో వివరాలు ఎక్కువగా ఇంగ్లీషు లిపిలో, ఒక నిర్ణీత పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతిలో 'చ'కు 'సి' ఒక్కటే రాస్తారు, 'సిహెచ్' రాసేది 'ఛ'కు. కనుక చలం పుస్తకాలను మనకు అలవాటైన 'సిహెచ్'తో మాత్రమే వెతికినవారికి ఫలితాలు కొద్దిగానే వస్తాయి. 'సి'తో కూడా వెతకాలి. దొరికిన నమోదులో కూర్పు, ప్రచురణ స్థలం, సంవత్సరం, పుటల సంఖ్య చూసి, మన ప్రతిపాదనతో పోల్చుకోవాలి. పుటల సంఖ్యలో పెద్ద తేడా ఉంటే అది సంక్షిప్త ప్రతి కావచ్చునని అనుమానించి మరికొంత విచారించండి.

ఐఎస్‌బీఎన్ అనే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఉన్న పుస్తకానికి పని కొంత తేలిక. 2007 నుంచి ఈ సంఖ్య 13 అంకెలకు పెరిగింది. భారతదేశపు పుస్తకాలకు 978 తరువాత 81 గాని 93 గాని వస్తుంది. పాత పది అంకెల సంఖ్యకు ముందు 978 చేర్చినంత మాత్రాన కొత్త సంఖ్య తయారుకాదు, చివరి అంకెను మళ్ళీ లెక్కకట్టాలి. అందుచేత పాత పుస్తకాలను రెండు రూపాల్లోనూ వెతకడం మంచిది. గట్టి అట్ట ప్రతికీ మెత్తని అట్ట ప్రతికీ వేర్వేరు సంఖ్యలు ఉంటాయి. రచయితలు సొంతంగా అచ్చువేసుకున్న తెలుగు పుస్తకాలకు ఈ సంఖ్య లేకపోవడం సాధారణం. సంఖ్య లేదన్న కారణంతో మంచి కథాసంపుటినో, స్థానిక చరిత్రనో పట్టిక నుంచి తొలగించకండి.

ఇక పుస్తకం ఉచితంగా అంతర్జాలంలో ఉందా అన్న ప్రశ్న. చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటరు శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో సాగిన పది లక్షల పుస్తకాల పథకం, దానికి అనుబంధమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల వేల తెలుగు పుస్తకాలు స్కానై, నేడు ఉచిత అంతర్జాల గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో ఇష్టం వచ్చినట్టు నమోదయ్యాయి కాబట్టి అనేక వర్ణక్రమాలతో వెతకాలి; దొరికిన తరువాత మొదటి, చివరి పుటలు, మధ్యలో కొన్ని పుటలు తెరిచి, లోపాలు లేవని చూసుకోవాలి. అక్కడ ఉన్నంత మాత్రాన కాపీరైటు హక్కులు తీరినట్టు కాదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కు నిలుస్తుంది. 1915లో మరణించిన గురజాడ రచనలను స్వేచ్ఛగా వాడవచ్చు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరి వరకు హక్కు ఉంటుంది. అనువాదమైతే అనువాదకుని హక్కును వేరుగా లెక్కించాలి. హక్కు తీరిన మంచి స్కాను దొరికితే దాని చిరునామాను మన క్యాటలాగులో, పుస్తక వివరాలను కంప్యూటరులో నమోదు చేసే మార్క్ పద్ధతి వాడేవారు వెబ్ చిరునామాకు కేటాయించిన 856వ క్షేత్రంలో, నమోదు చేయండి. కంప్యూటరు లేని పాఠకుల కోసం అచ్చు ప్రతి కొనడం మాత్రం మానవద్దు.

అభ్యాసం: మీ ప్రతిపాదనల పట్టిక నుంచి అయిదు పుస్తకాలు తీసుకోండి. వాటిలో ఒకటి 1950కి ముందు మొదటిసారి అచ్చయినది, ఒకటి అనువాదం, ఒకటి ఐఎస్‌బీఎన్ లేనిది కావాలి. ఒక్కొక్కదానికి మీరు వెతికిన వర్ణక్రమాలు, దొరికిన కూర్పులు, పుటల సంఖ్య, హక్కుల స్థితి ఒక కాగితం మీద రాసి, కొనాలా వద్దా అన్న నిర్ణయాన్ని కారణంతో సహా కింద నమోదు చేయండి. ధరలు పోల్చడం, ఆర్డరు రాయడం నాలుగవ పాఠంలో ఈ కాగితాలతోనే మొదలుపెడతాము.