‘ఎలిగెంట్’ అనే మాటను సరిగ్గా వాడడం ఎలా?

ముందు సులువైనవి ముగించేద్దాం. పలికేటప్పుడు ఊత మొదటి ‘ఎ’ మీద, చివర మెల్లగా వదిలేయాలి. అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ముందు ‘యాన్’ వస్తుంది. ‘షీ ఈజ్ లుకింగ్ ఎలిగెన్స్’ అని రాయకండి, ఎలిగెన్స్ అంటే ఆ గుణం పేరు, మనిషికి ఎలిగెంటే. పోల్చాలంటే మోర్ ఎలిగెంట్. అయిపోయింది.

అందరూ బోల్తా పడేది అర్థం దగ్గర. డిక్షనరీలో ‘సొగసైన’ అని చూస్తారు, ఇక బాగున్న ప్రతిదానికీ తగిలిస్తారు. మొన్న హన్మకొండలో ఒక రిసెప్షన్ ఫొటో చూశా. ఒళ్లంతా జరీ చీర, మెడలో నాలుగు వరసల హారాలు, వెనక గోడంత పూలు, కింద చూస్తే ‘వెరీ ఎలిగెంట్ అక్కా’ అని కామెంట్లు. అది గ్రాండ్ తల్లీ! గ్రాండ్‌గా ఉండడం తప్పేం కాదు, కాకపోతే దాని మాట వేరు.

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది, మూలంలో ఏరుకోవడం అనే అర్థం ఉంది. చాటలో బియ్యం ఏరినట్టు అక్కర్లేనివి తీసేయగా మిగిలిన అందం అనుకోండి. అందుకే నా రూల్ ఒకటే: చూడగానే ‘ఇందులో ఒకటి తగ్గితే ఇంకా బాగుండు’ అనిపించిందా, ఆ మాట వాడొద్దు. గంజి పెట్టిన సన్నంచు నేత చీర, చెవులకు దిద్దులు, అంతే, మా పెద్దమ్మ అలా బయల్దేరితే ఎలిగెంట్. స్టైలిష్, క్లాసీ, ఎలిగెంట్ ఒకటేనని లిస్టు బట్టీ పట్టించే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు ఇది ఎక్కదు. స్టైలిష్‌లో ఈ ఏటి ఫ్యాషన్ ఉంటుంది, వచ్చే ఏటికి పాతబడుతుంది.

1213 నాటి రామప్ప గుడికి వెళ్లినప్పుడు చూడండి. గుడి మొత్తాన్ని నేను ఎలిగెంట్ అనను, శిల్పాలు కిక్కిరిసి ఉంటాయి. చూరు కింద సన్నగా ఒంపు తిరిగి నిలబడ్డ ఆ నల్లరాతి మదనికలను, అంటే ఆ స్త్రీ శిల్పాలను, మాత్రం కచ్చితంగా అంటా.

బట్టలకే అనుకోకండి, లెక్కలకూ వాడతారు. 1 నుంచి 100 దాకా ఒక్కొక్కటే కూడితే చెయ్యి నొప్పి. 1కి 100, 2కి 99 జత కడితే ప్రతిసారీ 101, అలాంటివి 50 జతలు, మొత్తం 5050. దాన్ని ఎలిగెంట్ సొల్యూషన్ అంటారు. మగవాళ్లకూ వాడొచ్చు. బిర్యానీకి మాత్రం వద్దు.