కొత్త బ్యాటరీ వేసినా తిరగని ఇంజిన్

మా పాత కారు సెల్ఫ్ కొడితే మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగిపోయేది. కొత్త బ్యాటరీ వేసినా అంతే. సెల్ఫ్ మోటార్ పోయిందనుకుని విప్పబోయాను, ఎందుకో ఆగి ముందు మల్టీమీటర్ తీశాను.

బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, బాగానే ఉంది. ఒక ప్రోబ్ నెగటివ్ పోస్టుకి, రెండోది ఇంజిన్ బ్లాక్‌కి ఆనించి మా తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు లోపే ఉండాల్సింది 2.1 చూపించింది! అంటే కరెంటు తిరిగొచ్చే దారిలోనే అడ్డం. (1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లకు పాజిటివే ఎర్త్, అంటే చాసిస్‌కి కలిపే కొస. వాటికి పాజిటివ్ పోస్టు దగ్గర చూడాలి.)

ముందు బ్యాటరీ వైరు తీసి, ఇంజిన్‌ని చాసిస్‌కి కలిపే జడలాంటి ఎర్త్ పట్టీ విప్పాను. పైకి శుభ్రంగానే ఉంది. బోల్టు కింద మాత్రం నల్లటి పెయింటు పొర, దాని అంచున పచ్చటి చిలుము. చాసిస్‌కి రంగు వేయించినప్పుడు అక్కడ గీకకుండానే బిగించేశారు. లోహం తళతళలాడేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూశాను.

మీటరు 0.2కి దిగింది. ఇంజిన్ చకచకా తిరిగి రెండో చుట్టుకే అందుకుంది. ఆ శబ్దం వింటూ కాసేపు అక్కడే నిలబడిపోయాను.