అవతలి గుంపుని మనుషుల లెక్కలోంచి తీసేస్తున్నారేమో, ఇలా చూసుకోండి

ఒక కాగితం తీసుకుని అడ్డంగా గీత గీయండి. ఎడమ చివర 0, కుడి చివర 100. సున్నా దగ్గర వంగి నడిచే వానరం, వంద దగ్గర నిటారుగా నిలబడ్డ మనిషి ఉన్నారనుకోండి, సైన్సు పుస్తకాల్లో ఉండే ఆ పరిణామం బొమ్మే. ఇప్పుడు పేరు వినగానే మీకు ఒళ్ళు మండే గుంపు ఒకటి తలుచుకోండి. అవతలి పార్టీ, వేరే మతం, వేరే దేశం, ఎదుటి టీమ్ ఫ్యాన్స్, ఏదైనా సరే. ఈ గీత మీద వాళ్ళకి ఎంత వేస్తారు? ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి మనసులో ఉన్నదే వేయండి.

నూర్ క్తైలీ, ఎమిల్ బ్రూనో అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు, వాళ్ళ సహచరులు 2015లో ప్రచురించిన పరిశోధనలో జనం ముందు పెట్టింది ఇలాంటి గీతనే. ఇంత మొరటు ప్రశ్నకి ఎవరు నిజం చెప్తారు అనిపిస్తుంది కదా. చెప్పారు. అమెరికాలో అడిగితే అమెరికన్లకి సగటున 90 దాటింది, ముస్లింలకి 80 కూడా రాలేదు. పైగా తక్కువ వేసినవాళ్ళలోనే, అవతలివాళ్ళని చిత్రహింసలు పెట్టడానికీ వాళ్ళ మీద దాడులు చేయడానికీ ఊ కొట్టడం ఎక్కువగా కనిపించింది.

మీరు వందకి వంద వేశారా? మంచిదే, కానీ అంతటితో గండం గడిచినట్టు కాదు. ఇదే జబ్బుకి చడీచప్పుడూ లేని రకం ఇంకోటుంది, చాలామందిలో ఉండేది అదే. బెల్జియంలో జాక్-ఫిలిప్ లేయెన్స్ బృందం 2000 ప్రాంతంలో దీన్ని గమనించింది. కోపం, భయం, సంతోషం లాంటివి అవతలివాళ్ళకీ ఉంటాయని ఒప్పుకుంటాం, ఎందుకంటే అవి జంతువులకీ ఉంటాయి. పశ్చాత్తాపం, బెంగ, సిగ్గు, ఆశ లాంటివి మాత్రం మనవాళ్ళ సొత్తు అన్నట్టు ఉంచేసుకుంటాం. కాబట్టి రెండో పరీక్ష ఇలా చేయండి: ఆ గుంపు గురించి ఈ మధ్య మీరు పంపిన మెసేజ్‌లు తెరిచి, వాళ్ళకి ఏ భావాలు అంటగట్టారో చూడండి. "వాళ్ళకి కోపం వస్తే అంతే", "వాళ్ళకి భయం ఉంటేనే దారికొస్తారు", "వాళ్ళకి ఇవన్నీ అలవాటేలే, ఏమీ అనిపించదు". ఈ మూడో వాక్యం దగ్గర ఆగండి. ఒక్క తిట్టు కూడా లేని ఆ మాటే నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం. వాళ్ళకి నొప్పి తెలియదని ఒకసారి ఒప్పేసుకున్నాక, నొప్పి పెట్టడానికి అడ్డేముంటుంది?

"రోబోల్లా ఉంటారు, ఫీలింగ్స్ ఉండవు" అనడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. మనిషిని జంతువు పక్కకి తోయడం ఒకటి, యంత్రం పక్కకి తోయడం ఇంకొకటి అని నిక్ హాస్లమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2006లో విడదీసి చెప్పాడు.

"నాకు అసలు ఏ గుంపూ లేదండీ" అనేవాళ్ళు హెన్రీ తాజ్‌ఫెల్ ప్రయోగం తెలుసుకోవాలి. యుద్ధంలో ఖైదీగా బతికి బయటపడి, కుటుంబంలో దాదాపు అందరినీ నాజీల చేతిలో పోగొట్టుకున్న పోలండ్ యూదుడు ఆయన. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లో స్కూలు పిల్లల్ని రెండు జట్లు చేశాడు, ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో మీకు ఎవరివి నచ్చాయి అనే సాకుతో. తమ జట్టులో ఎవరున్నారో కూడా వాళ్ళకి చెప్పలేదు. డబ్బు పంచమంటే తమ జట్టు వైపే మొగ్గారు, అది సరే అనుకుందాం. తమ జట్టుకి కొంచెం తక్కువొచ్చినా ఫర్వాలేదు, అవతలి జట్టుకి అంతకంటే తక్కువ రావాలన్నట్టు పంచడం కూడా కనబడింది. పాత పగలు లేవు, ముఖపరిచయం లేదు, అయినా అంత పట్టింపు.

సరే, ఏం చేయాలి?

మొదట మాటల సంగతి. పురుగులు, కుక్కలు, చెత్త, వైరస్, ఈ మాటలు మీ నోటి నుంచి ఆపేయడం ఒక ఎత్తు, విని ఊరుకోకపోవడం ఇంకో ఎత్తు. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1975లో చేసిన ప్రయోగంలో, అవతలి గదిలో ఉన్నవాళ్ళకి కరెంట్ షాక్ ఇస్తున్నామని నమ్మిన విద్యార్థులు, వాళ్ళని ఎవరో "జంతువుల్లాంటి వాళ్ళు" అనడం పొరపాటున చెవినపడ్డట్టు విన్నప్పుడు షాక్ పెంచుతూ పోయారు (షాకులు నిజమైనవి కావు లెండి). వాళ్ళు ఆ మాట అనలేదు, విన్నారంతే. అందుకే ఫ్యామిలీ గ్రూపులో ఎవరైనా అలా రాస్తే "నువ్వు ద్వేషిస్తున్నావ్" అని మీద పడకుండా, "ఎవరు? ఎంతమంది? నీకు తెలిసినవాళ్ళలో అలాంటివాళ్ళు ఎవరున్నారు?" అని అడగండి. గుంపు పేరుతో మొదలైన వాక్యం మనిషి పేరు దగ్గరికి వచ్చేసరికి సాధారణంగా నీరుగారిపోతుంది.

ఎవరో ఒకడు చేసిన నేరానికి ఆ గుంపంతా జవాబు చెప్పాలని మీకు గట్టిగా అనిపిస్తుంటే, ముందు మీ సొంత గుంపులో ఒకడు చేసిన ఘోరాన్ని తలుచుకుని, దానికి నా బాధ్యత ఎంత అని ప్రశ్నించుకోండి. సున్నా అంటారు, నేనైనా అదే అంటాను. తర్వాత అదే ప్రశ్న అవతలివాళ్ళ గురించి వేసుకోండి. బ్రూనో బృందం ఈ రెండు ప్రశ్నల్ని ఇదే వరసలో అడిగి చూసింది. ఎవరో కొందరు చేసిన దాడులకి ముస్లింలందరినీ కలిపి నిందించడం తగ్గింది, స్పెయిన్‌లో చేసినప్పుడు ఆ ప్రభావం ఏడాది తర్వాత కూడా కనిపించింది. ఉపన్యాసం ఇచ్చి ఇంత సాధించడం కష్టం. తన లెక్కలో తేడా ఎవరికి వాళ్ళే పట్టుకోవడంలోనే ఉంది కిటుకంతా. కాబట్టి ఎదుటివాళ్ళ మీద వాడేటప్పుడు ప్రశ్న అడిగి వదిలేయండి, జవాబు కూడా మీరే చెప్పేస్తే పని చెడుతుంది.

ఎక్కువమంది వదిలేసే పని ఇంకోటుంది: వాళ్ళు మనల్ని ఎలా చూస్తున్నారో అన్న మన అంచనాని సరిచూసుకోవడం. "వాళ్ళు మనల్ని మనుషులుగా చూడట్లేదు, మనమెందుకు చూడాలి?" అన్నదే చాలా చోట్ల అసలు ఇంధనం. 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలో డెమొక్రాట్లు, రిపబ్లికన్లు అవతలి పార్టీ తమని ఎంత హీనంగా చూస్తోందని ఊహించుకున్నారో, అసలు సంగతి అందులో దాదాపు సగమే. అంటే లేని అవమానానికి కూడా బదులు తీర్చుకుంటున్నారన్నమాట. అవతలివైపు గొంతు చించుకునే నాలుగు అకౌంట్లని చూసి లెక్కేయకండి. వాళ్ళలో మామూలు మనిషిని ఒకరిని నేరుగా అడగండి, మీరు మా గురించి నిజంగా ఏమనుకుంటారని. ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడగండి.

కలిస్తే అన్నీ సర్దుకుంటాయి అనేది మాత్రం సగం నిజమే. 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 22 మంది మగపిల్లల్ని రెండు జట్లు చేసి పోటీలు పెట్టి, గొడవ ముదిరాక ఒకే చోట భోజనానికి కూర్చోబెడితే తిండి విసురుకున్నారు. నీళ్ళ ట్యాంకు పనిచేయనప్పుడు, లారీ మొరాయించినప్పుడు అందరూ కలిసి తంటాలు పడాల్సి వచ్చాకే దారికొచ్చారు. కలయిక పనిచేయాలంటే ఏం ఉండాలో మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ అదే ఏడాది చెప్పిన షరతులూ ఇలాంటివే: ఇద్దరూ సమానంగా ఉండాలి, గురి ఒకటే ఉండాలి, కలిసి పనిచేయాలి, పైవాళ్ళ మద్దతు ఉండాలి. కాబట్టి మీరు ఏదైనా ఏర్పాటు చేస్తుంటే విందు కంటే పని పెట్టండి, ఏ ఒక్క పక్షం వల్లా పూర్తికాని పని.

ఇదంతా బలమైన పక్షంలో ఉన్నవాళ్ళు చేయాల్సిన కసరత్తు. దెబ్బ తింటున్నవాళ్ళ దగ్గరికెళ్ళి "మీరు కూడా వాళ్ళ వైపు నుంచి ఆలోచించండి" అనకండి. అలాగే మాట హద్దు దాటి ఫలానా చోట, ఫలానా వాళ్ళని కొట్టాలి అనే దాకా వస్తే ఇక ప్రశ్నలతో పనిలేదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, ముందు ఆ ప్రమాదంలో ఉన్నవాళ్ళకి చెప్పండి, తర్వాత పోలీసులకి.