రాస్ప్‌బెర్రీ పై మీద పాత వీడియో గేమ్‌లు: ఆగిపోతే ఎక్కడ వెతకాలి

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటి కిటికీ అద్దాలు పగిలాయి. అటక మీది అట్టపెట్టె తడిసి ముద్దయింది. అందులో నా చిన్నప్పటి టీవీ గేమ్, పదిహేను దాకా క్యాసెట్లు ఉండేవి. ఎండలో ఆరబెట్టి చూశాను, ఒక్కటీ బతకలేదు. ఆ ఆటల్ని మా మేనల్లుడికి చూపించాలనే రాస్ప్‌బెర్రీ పై అనే బోర్డు, అంటే టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్, కొన్నాను. ఆ తర్వాత గాజువాకలో చెల్లెలి ఇంట్లో, తెలిసినవాళ్ల ఇళ్లలో కలిపి ఏడెనిమిది బోర్డులు సిద్ధం చేసి ఇచ్చాను. “మామయ్యా, మళ్లీ ఆగిపోయింది” అనే ఫోను ఇప్పటికీ వస్తూనే ఉంటుంది.

ఆగిపోగానే అందరూ చేసే మొదటి పని బోర్డులోని మెమరీ కార్డు చెరిపేసి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం. అది చివర్లో చేయాల్సిన పని. నేను చూసినంతలో తప్పు ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది: కరెంటు, కార్డు, మన సముద్రపు గాలి. కింద రాసినవి రాస్ప్‌బెర్రీ పై 3, పై 4 మోడల్ బోర్డుల మీద పాత ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్ రెట్రోపై 4.8 వాడేవారికి నేరుగా పనికొస్తాయి. అలాంటివే అయిన రీకాల్‌బాక్స్, బటోసెరా వాడేవారికి మెనూలు వేరుగా ఉన్నా, కరెంటు, వేడి, చిలుము గురించి చెప్పింది వర్తిస్తుంది.

పసుపు మెరుపు గుర్తు వస్తోంది, ఆట మధ్యలో రీస్టార్ట్ అవుతోంది

తెర పైమూలలో మెరుపు గుర్తు వచ్చిందంటే బోర్డుకు అందే వోల్టేజీ 4.63 వోల్టుల కంటే కిందికి పడిపోయిందని అర్థం. పై 3లో అయితే అదే సమయంలో ఎర్ర లైటు కూడా మిణుకుతుంది, లేదా ఆరిపోతుంది. చాలామంది “నాది 33 వాట్ల ఫాస్ట్ ఛార్జర్, ఇంకేం కావాలి?” అంటారు. ఆ 33 వాట్లు ఫోనూ ఛార్జరూ మాట్లాడుకుని వోల్టేజీ పెంచుకున్నప్పుడు వచ్చే లెక్క. పై బోర్డు అలా మాట్లాడదు, 5 వోల్టులే తీసుకుంటుంది. అందుకే ఛార్జర్ మీద సన్న అక్షరాల్లో 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. పై 3కి 2.5, పై 4కి 3 ఆంపియర్లు కావాలి.

ఛార్జర్ సరిగ్గా ఉన్నా కేబుల్ ముంచుతుంది. సన్నటి తీగకు పావు ఓమ్ నిరోధం ఉందనుకోండి. రెండు ఆంపియర్లు పారితే అర వోల్టు దారిలోనే పోతుంది. ఛార్జర్ దగ్గర 5 ఉన్నది బోర్డు దగ్గర 4.5 అవుతుంది. పై కంపెనీ సొంత అడాప్టర్ 5.1 వోల్టులు ఇవ్వడం, దానికి మందపాటి తీగ విడదీయలేకుండా బిగించి ఉండటం ఈ నష్టాన్ని పూడ్చడానికే. బోర్డుకు పెట్టిన డబ్బుతో పోలిస్తే దాని ధర తక్కువే, మొదట్లోనే కొనేయండి.

కొత్తది కొనేలోపు ఒక పరీక్ష చేయవచ్చు. జాయ్‌స్టిక్‌లు, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేసి, ఇంట్లో ఉన్నవాటిలో పొట్టి కేబుల్ పెట్టి ఆన్ చేయండి. మెరుపు గుర్తు పోతే దొంగ దొరికినట్టే. గాజువాకలో మావాళ్లు బోర్డును టీవీ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకే పెట్టారు. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు నుంచి అర ఆంపియర్ వస్తుందని మాత్రమే లెక్క పెట్టుకోవాలి, దాంతో బోర్డు నడవదు.

ఇంకో సంగతి. 2019లో వచ్చిన మొదటి విడత పై 4 బోర్డుల్లో టైప్-సీ పోర్టు డిజైన్‌లో లోపం ఉంది. లోపల చిప్ ఉన్న ఖరీదైన లాప్‌టాప్ కేబుల్ పెడితే అవి అసలు ఆన్ కావు. సెకండ్ హ్యాండ్ బోర్డు కొన్నవారు అది చచ్చిపోయిందనుకునే ముందు మామూలు కేబుల్‌తో ఒకసారి చూడాలి.

మెరుపు గుర్తు కనబడకుండా దాచే సెట్టింగ్ ఒకటి ఉంది. దయచేసి దాని జోలికి పోవద్దు. వోల్టేజీ పడిపోతూ ఉండగా కార్డు మీద రాసే డేటా చెడిపోతుంది. ఈరోజు గుర్తు దాస్తే రేపు కార్డు పోతుంది.

టీవీలో నో సిగ్నల్ అని వస్తోంది

ముందు బోర్డు మీద ఆకుపచ్చ లైటు చూడండి. అది అసలు మిణుకకపోతే బోర్డు కార్డును చదవడం లేదు. కార్డు తీసి మళ్లీ పెట్టండి, కింద చిలుము గురించి రాసిన భాగం చదవండి. అది మిణుకుతూనే ఉంటే బోర్డు పనిచేస్తోంది, బొమ్మే టీవీ దాకా చేరడం లేదు.

టీవీ ఆన్ చేయకముందే బోర్డు ఆన్ చేస్తే హెచ్‌డీఎంఐకి ఎవరూ తగలలేదని బోర్డు అనుకుంటుంది. ముందు టీవీ ఆన్ చేసి, తర్వాత బోర్డు ఆన్ చేయండి. రోజూ ఇదే గోల అయితే కార్డును కంప్యూటర్‌లో పెట్టి, బూట్ విభాగంలో ఉన్న కాన్ఫిగ్ ఫైలు తెరిచి, హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ అనే వరుస ముందున్న హాష్ (#) గుర్తు తీసేయండి. పై 4లో రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటాయి. పవర్ పిన్‌కు దగ్గరగా ఉన్నదే వాడండి.

ఇంద్రధనస్సు రంగుల చతురస్రం వచ్చి అక్కడే ఆగిపోతే అది బోర్డుకు సరిపోని ఇమేజ్, అంటే కార్డు మీద ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైలు. పై 3 కోసం చేసిన కార్డు పై 4లో పెడితే ఇలా అవుతుంది. రెట్రోపై 4.8లో పై 5 కోసం ఇమేజ్ లేదు. పై 5 ఉన్నవారు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ వేసుకుని దాని మీద రెట్రోపై ఎక్కించుకోవాలి, లేదంటే రీకాల్‌బాక్స్, బటోసెరా, లక్కా కొత్త వెర్షన్లలో ఏదో ఒకటి తీసుకోవాలి.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఏమీ మార్చలేదు, ఇవాళ లేవడం లేదు

బీచ్ రోడ్డుకు దగ్గరలో, జాలరిపేట, లాసన్స్ బే వైపు ఉండేవారికి ఈ ఫిర్యాదు ఎక్కువ. ఇంట్లో గేటు, ఫ్యాను, కిటికీ మేకులు ఎలా తుప్పు పడతాయో మనకు తెలిసిందే. అదే ఉప్పు గాలి బోర్డు లోపలికీ వెళుతుంది. ఉప్పు రేణువులు గాలిలో తేమను పీల్చుకుని సన్నటి తడిపొరగా మారతాయి. తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే కరిగిపోతుంది, మన ఊళ్లో అలాంటి రోజులకు కొదవ లేదు. చవక కేబుళ్ల పిన్నుల మీద బంగారు పూత పేరుకే ఉంటుంది. దాని సందుల్లోంచి తడి లోపలి రాగిని తాకగానే ఆకుపచ్చ చిలుము మొదలవుతుంది. హెచ్‌డీఎంఐ పిన్ను ఒక్కటి చిలుము పట్టినా బొమ్మ పోతుంది. కార్డు పిన్ను చిలుము పడితే బోర్డే లేవదు.

పవర్ తీసేసి, పిన్నుల్ని టార్చ్ వెలుగులో చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్ ముంచి కార్డు స్లాటు, కార్డు వెనక గీతలు, హెచ్‌డీఎంఐ రెండు చివరలు తుడవండి. పదిహేను నిమిషాలు ఆరనిచ్చి ఆన్ చేయండి. సెల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర ఆ ఆల్కహాల్ ఉంటుంది, జగదాంబ సెంటర్ సెల్ షాపుల్లో అడిగితే చిన్న సీసా దొరుకుతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దవద్దు, ఉన్న కాస్త పూతా పోతుంది. చిన్నప్పుడు క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదేవాళ్లం కదా, అదీ వద్దు. నోటి తేమ చిలుముకు ఎరువే. అప్పట్లో ఊదితే పనిచేసినట్టు అనిపించేది కానీ, పనిచేసింది క్యాసెట్ తీసి మళ్లీ గట్టిగా పెట్టడం వల్ల.

బోర్డును సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. వాడనప్పుడు గాలి చొరబడని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. మా ఇంట్లో ఇలా మొదలుపెట్టాక ఈ తలనొప్పి దాదాపు పోయింది.

లేస్తోంది కానీ నల్ల తెర మీద వరుసలకు వరుసలు ఎర్రర్లు, లేదా సేవ్ చేసిన ఆట మాయం

ఎర్రర్లు వస్తే కార్డులో డేటా చెడిపోయింది. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోవడం, లేదా పిల్లలు నేరుగా స్విచ్ కట్టేయడం దీనికి కారణం. స్టార్ట్ నొక్కి, క్విట్, ఆ తర్వాత షట్‌డౌన్ సిస్టమ్ ఎంచుకోవాలి. ఆకుపచ్చ లైటు మిణుకడం ఆగాకే స్విచ్ కట్టాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా బోర్డు రీస్టార్ట్ అవుతుంటే, దాని మీద నార్మల్ నుంచి యూపీఎస్‌కు మార్చే స్విచ్ ఉందేమో చూడండి. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయినప్పుడు త్వరగా మారుతుంది, బోర్డు ఆగదు.

సేవ్ మాయం కావడం వేరే కథ, నా మేనల్లుడిని ఏడిపించింది అదే. ఆట లోపల మనం సేవ్ చేసినప్పుడు అది మెమరీలోనే ఉంటుంది. ఆటలోంచి బయటికి వచ్చినప్పుడే, రెట్రోపైలో ఆటల్ని నడిపే ప్రోగ్రామ్ రెట్రోఆర్చ్ దాన్ని కార్డు మీద రాస్తుంది. ఆటలో ఉండగానే స్విచ్ కడితే ఆ రోజు కష్టమంతా పోయినట్టే. రెట్రోఆర్చ్ సేవింగ్ సెట్టింగ్స్‌లో ఎస్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్ అనేది ఉంటుంది. దాన్ని 30 సెకన్లకు పెట్టండి. పిల్లలున్న ప్రతి ఇంట్లో నేను మొదట మార్చేది ఇదే.

కొత్త కార్డు కూడా పదేపదే పాడైతే అది నకిలీ కావచ్చు. 64 జీబీ అని చెప్పుకునే 8 జీబీ కార్డు, నిండేదాకా బాగానే నటిస్తుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌లు కార్డంతా నింపి, తిరిగి చదివి నిజం చెబుతాయి.

ఆట నత్తనడక నడుస్తోంది, సౌండ్ చిట్లుతోంది

ఏ ఆట అన్నది ముందు చూడాలి. 1983 నాటి నింటెండో టీవీ గేమ్ ఫామికామ్ ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. పై 3ది 1200 మెగాహెర్ట్జ్. మారియో లాంటి ఆట నత్తలా నడిస్తే బోర్డు చాలక కాదు. వోల్టేజీ చాలకపోవడమో, వేడెక్కడమో, పాత టీవీ గీతల్లా కనబడే షేడర్ ఆన్ అయి ఉండటమో కారణం. షేడర్ ఆఫ్ చేసి చూడండి. నింటెండో 64 ఆట అయితే మాత్రం పై 3 నిజంగానే తట్టుకోలేదు, ఎన్ని సెట్టింగులు మార్చినా కాలయాపనే. దానికి పై 4 కావాలి.

80 డిగ్రీలు దాటితే తెర మీద థర్మామీటర్ గుర్తు వస్తుంది, బోర్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. పై 3బీ ప్లస్ అయితే 60 దగ్గరే ఒక మెట్టు దిగుతుంది. మే నెల మధ్యాహ్నం మూసిన ప్లాస్టిక్ కేసులో ఇది మామూలే. చిన్న ఫ్యాను పెట్టమని అందరూ చెబుతారు. సముద్రానికి దగ్గరగా ఉండేవారికి నేను వద్దంటాను, ఆ ఫ్యాను రోజంతా ఉప్పు గాలిని లోపలికి లాగుతుంది. బోర్డు చిప్‌కు నేరుగా ఆనే అల్యూమినియం కేసు తీసుకోండి. అది వైఫై, బ్లూటూత్ సిగ్నల్‌ను కొంత తగ్గిస్తుంది, కాబట్టి తీగ ఉన్న జాయ్‌స్టిక్ వాడండి.

ఆటలు కాపీ చేశాను, మెనూలో కనబడటం లేదు

కాపీ చేశాక ఆటల మెనూ చూపే ఎమ్యులేషన్‌స్టేషన్‌ను రీస్టార్ట్ చేయాలి. సరైన ఫోల్డరులో సరైన రకం ఫైలు ఉంటేనే ఆ మెషీన్ పేరు కనబడుతుంది.

కనబడి కూడా, నొక్కగానే మళ్లీ మెనూకు వచ్చేస్తే రెండు కారణాలు చూడండి. ప్లేస్టేషన్ లాంటివాటికి బయాస్ ఫైలు (ఆ మెషీన్ లేవడానికి వాడే సొంత సాఫ్ట్‌వేర్) బయాస్ ఫోల్డరులో ఉండాలి. లినక్స్‌లో చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు, కాబట్టి పేరు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఆర్కేడ్ ఆటలైతే (దుకాణాల్లో నాణెం వేసి ఆడే మెషీన్ల ఆటలు) పాత మెషీన్‌లా నటించే ఎమ్యులేటర్ వెర్షన్, ఆట ఫైలు అయిన రోమ్ వెర్షన్ సరిపోలాలి. ఎమ్యులేటర్లలో మేమ్ 2003కి 0.78 రోమ్ సెట్ కావాలి, ఎఫ్‌బీనియోకి తాజా సెట్. ఆర్కేడ్ జిప్‌ను ఎప్పుడూ విప్పవద్దు, పేరు మార్చవద్దు.

ఆటల మీద కాపీరైట్ ఇంకా ఉంది. వేల ఆటలు నింపి అమ్మే కార్డులు కొనకండి. మీ క్యాసెట్ల నుంచి తీసుకున్నవి, ఔత్సాహికులు ఇప్పటికీ కొత్తగా రాసి ఉచితంగా ఇస్తున్న హోమ్‌బ్రూ ఆటలు వాడండి.

రెండో జాయ్‌స్టిక్ పెట్టగానే మొదటిదాని బటన్లు తారుమారు

రెట్రోఆర్చ్ జాయ్‌స్టిక్‌ను దాని పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. చవక రకాలు రెండు వేర్వేరు కంపెనీలవైనా లోపల ఒకే పేరు పెట్టుకుని ఉంటాయి. రెండోదాన్ని సెట్ చేస్తే మొదటిదాని వివరాలు చెరిగిపోతాయి. ఒకే మోడల్‌వి రెండు కొనడమే మందు. సెట్ చేసేటప్పుడు లేని బటన్ అడిగితే ఏదో ఒక బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, అది దాటిపోతుంది.

పాత డబ్బా టీవీకి పెడితే బొమ్మ నలుపు తెలుపులో వస్తోంది

బోర్డు అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో పంపుతోంది, మన టీవీలు పాల్ పద్ధతివి. కాన్ఫిగ్ ఫైలులో ఎస్‌డీటీవీ మోడ్ 2 అని ఉన్న వరుస ముందు హాష్ తీసేయండి. ఇంతకుముందు హాట్‌ప్లగ్ వరుసకు హాష్ తీసి ఉంటే దానికి మళ్లీ హాష్ పెట్టండి, లేకపోతే బొమ్మంతా హెచ్‌డీఎంఐకే పోతుంది. పై 4లో టీవీ అవుట్‌ను విడిగా ఆన్ చేయాలి, దానివల్ల వేగం కాస్త తగ్గుతుంది. పాల్‌లో సెకనుకు 50 బొమ్మలే వస్తాయి కాబట్టి 60కి రాసిన ఆటలు కొంచెం కుదుపుతో కనబడతాయి.

బొమ్మ అసలు రాకుండా గర్‌ర్ మనే శబ్దమే వస్తే కేబుల్ తేడా. పై బోర్డు జాక్‌కు పెట్టే ప్లగ్‌లో వీడియో తీగ వైపు చివరి రింగులో ఉంటుంది, దాని పక్కది ఎర్త్. పాత క్యామ్‌కార్డర్ కేబుళ్లలో ఈ వరుస వేరుగా ఉంటుంది. కొత్తది కొనే ముందు ఎర్ర పిన్ను తీసి టీవీ పసుపు రంధ్రంలో పెట్టి చూడండి. మా ఇంట్లో బొమ్మ అక్కడే దొరికింది.