కడపకు ట్రాన్స్‌ఫర్ అయిందా? ఊర్లో కలిసిపోవడం ఎట్లాగంటే

కడపకు ఉద్యోగం మీద వచ్చేవాళ్లలో చాలామంది శుక్రవారం సాయంత్రమే బ్యాగు సర్దుకొని రైల్వే స్టేషన్‌కు పోతారు. సోమవారం పొద్దున దిగి నేరుగా ఆఫీసుకు వస్తారు. మా మేడ మీది పోర్షన్ బాడుగకు ఇస్తుంటాం కాబట్టి ఇట్లాంటివాళ్లను బాగానే చూశాం. ఏళ్లు గడిచినా వాళ్లనే మాట ఒకటే, "ఈ ఊర్లో మనవాళ్లంటూ ఎవరూ లేరండీ" అని. ఎట్లా ఉంటారు? మనిషికి మనిషి తీరిగ్గా దొరికేది శని, ఆదివారాలే కదా, ఆ రెండు రోజులూ మీరు ఊర్లో ఉండరు. కాబట్టి మొదటి పని ఇది: వచ్చిన కొత్తలో ఓ రెండు మూడు నెలలు సొంతూరికి పోవడం తగ్గించండి. ఇంట్లో పెద్దవాళ్లకు బాగాలేకపోతే అది వేరే సంగతి.

రెండోది, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది: ఒకే చోటికి, ఒకే టైముకు పోండి. పొద్దున టిఫిన్‌కు ఒక బండి ఎంచుకోండి. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ దొరికే బండైతే ఇంకా మంచిది. బొరుగులు (మరమరాలు) నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లే ఉగ్గాణి ఇక్కడ దాదాపు ప్రతి వీధిలో ఉంటుంది. లేదంటే ఎర్రకారం పూసిన కారం దోసె. ఈరోజు ఏడు రోడ్ల దగ్గర, రేపు కోటిరెడ్డి సర్కిల్లో, ఎల్లుండి ఫోన్లో రేటింగ్ చూసి ఇంకోచోట తింటే నోటికి బాగుంటుంది గానీ ముఖ పరిచయం కాదు. ఒకే బండి దగ్గర నిలబడితే కొన్నాళ్లకు ఆయనే అడుగుతాడు, "యాడ సార్ మీకు పని?" అని. అప్పుడు "ఇక్కడే" అని తెంచెయ్యకండి. ఏ ఆఫీసు, ఏ ఊరు, పిల్లలెంతమంది, ఇల్లు యాడ తీసుకున్నారు, అన్నీ చెప్పండి. మీ ఇంటి మోటారు కాలిపోయినప్పుడు, పాప స్కూలుకు ఆటో కావాల్సొచ్చినప్పుడు పనికొచ్చేది ఆ బండి దగ్గర టీ తాగే నలుగురే, మీ ఆఫీసు సూపరింటెండెంట్ కాదు. సాయంత్రం నడకకు కూడా అంతే, ఒకే పార్కు, ఒకే టైము. అందరికీ "గారు" తగిలించి మాట్లాడాల్సిన పనిలేదు, అన్నా, అక్కా, పెద్దాయనా అంటే చాలు.

టైము సంగతి వచ్చింది కాబట్టి ఎండ గురించి కూడా చెప్తా. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా వీధిలో మనుషులు కనబడకపోతే, ఈ ఊరోళ్లు ఎవరితోనూ కలవరేమో అనుకోకండి, తలుపులేసుకొని పడుకొని ఉంటారంతే. పలకరింపులన్నీ పొద్దున ఎనిమిది లోపల, మళ్లీ రాత్రి ఏడు తర్వాత వాకిట్లో కుర్చీలేసుకున్నప్పుడు. ఆ టైముకు మీరు లోపల టీవీ ముందు ఉంటే ఆ రోజు పోయినట్టే.

బాంబులు, సుమోల జోకులు మాత్రం వెయ్యకండి. ఫ్యాక్షన్ సినిమాల్లో చూసింది పట్టుకొని "మీ కడపలో..." అని మొదలుపెడితే ఎదుటివాళ్లు నవ్వుతారు, తర్వాత మిమ్మల్ని ఇంటికి పిలవరు.

ఇల్లు వెతికేటప్పుడు కులం అడుగుతారు. నేరుగా అడగకపోయినా ఇంటిపేరు, మాంసం తింటారా, ఏ దేవుణ్ణి కొలుస్తారు అని చుట్టూ తిప్పి అక్కడికే వస్తారు. కడపలోనే కాదు, మన రెండు రాష్ట్రాల్లో చాలాచోట్ల ఉన్న రోగమే ఇది. చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. నేనైతే అది తెలిస్తే తప్ప ఇల్లివ్వనన్న వాళ్ల మేడ మీద ఉండొద్దంటాను, రేపు మీ ఇంటికొచ్చే చుట్టాలను కూడా లెక్కలేసి చూస్తారు. ఇంకో పక్క, కొత్త ఊర్లో తొందరగా తెరుచుకునే తలుపు కూడా కులసంఘానిదే. కార్తీకమాసం వనభోజనాలకు పిలుస్తారు, పోతే పోండి, భోజనం బాగుంటుంది. అక్కడే ఆగిపోతే మాత్రం ఊరంతా ఉండగా మీకు తెలిసేది ఆ ముప్పై ఇళ్లే. అదే కార్తీక సోమవారం పొలతల మల్లికార్జునస్వామి దగ్గరికి పోయి చూడండి, అన్ని వీధులవాళ్లూ అక్కడ కనబడతారు.

ఇంట్లో ఉండే ఆడవాళ్లకు ఈ పని ఇంకా కష్టం, ఎందుకంటే భర్తకు ఆఫీసైనా ఉంటుంది, ఆమెకు నాలుగు గోడలు, ఒక ఫోను, దాంట్లో అమ్మ. ఇక్కడ పనిచేసేది గిన్నె. పక్కింటామె ఓళిగలో (బొబ్బట్లు), అలసంద వడలో పంపిస్తే గిన్నె కడిగి ఉత్తదే తిరిగివ్వకండి, ఏదో ఒకటి వేసి ఇవ్వండి, పిడికెడు చక్కెరైనా సరే. ఇంకా మంచి ఉపాయం, మీరే ముందుగా ఏదైనా అడగడం. కరివేపాకు అడగండి. చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) ఎట్లా నూరతారో, సంగటి గడ్డలు కట్టకుండా ఎట్లా కెలకాలో చూపించమనండి. కొత్తగా వచ్చినవాళ్లు మొహమాటంతో ఎవరినీ ఏమీ అడగరు, అడగకపోతే గొప్పోళ్లేమో, మనతో పనిలేదేమో అనుకుంటారు. ఇంకొకరికి సాయం చెయ్యడం కంటే సాయం అడగడమే తొందరగా దగ్గర చేస్తుంది. ఇది నేను మా వీధిలోనే చాలాసార్లు గమనించిన విషయం.

పండగల దగ్గరికొస్తే, కడపలో ఏడాదంతా ఏదో ఒకటి ఉంటుంది. ఉగాది రోజు పొద్దున్నే దేవుని కడపకు పోండి. లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి, తిరుమలకు గడప అంటారు. ఆ రోజు ముస్లింలు కూడా వచ్చి స్వామికి టెంకాయలు కొడతారు, బీబీ నాంచారి వాళ్లింటి ఆడబిడ్డ కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడు. అదే ఊర్లో పెద్ద దర్గా అనే అమీన్ పీర్ దర్గాకు హిందువులు పోవడం కూడా అంతే మామూలు. ఉరుసు తేదీ ముస్లింల చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయినేడు తేదీ పట్టుకొని కూర్చోకండి, ఎవరినైనా అడగండి. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం ఎక్కడా లేనట్టు రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. కడపకు పాతిక కిలోమీటర్ల దూరమే గానీ ఆ రోజు జనం ఎట్లా ఉంటారంటే సొంత బండి కంటే బస్సు మేలు. దసరాకు ప్రొద్దుటూరు, అమ్మవారిశాలలో అలంకారాలు, ఊరంతా లైట్లు. వీటికి కుటుంబమంతా కారెక్కి చూసొచ్చేస్తే టూరిస్టులవుతారు. పక్కింటివాళ్లను "మీరు పోతాంటే మేమూ వస్తాం" అని అడిగి, వాళ్లతో కలిసి పోండి. దార్లో వాళ్లు చెప్పే పాత కథలు, తిట్టుకునే చుట్టాలు, అవన్నీ వింటేనే ఊరు తెలిసేది.

వినాయక చవితి చందాకు పిల్లలు వస్తారు. డబ్బులిచ్చి తలుపు వేసుకోకండి, సాయంత్రం పందిరి దగ్గరికి పోయి నిలబడండి. ప్రసాదం పంచడానికి ఎప్పుడూ ఒక చెయ్యి తక్కువే ఉంటుంది.

గుడి, పండగ అంటే పడనివాళ్లు, పుస్తకాల మనుషులు ఉంటారు. మీకు యర్రముక్కపల్లిలో సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. బ్రౌన్ 1820లో ఉద్యోగం మీదే కడపకు వచ్చినవాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకొని తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటనే గ్రంథాలయం కట్టించాలని చందాలు వసూలు చేస్తూ తిరిగిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి కూడా పుట్టింది అనంతపురం వైపు రాయదుర్గంలో, అంటే ఆయనా బయటినుంచి వచ్చినవాడే. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఊర్లో సాహిత్య సభలు జరుగుతుంటాయి, పేపర్లో జిల్లా పేజీ ఒక మూలన "నేటి కార్యక్రమాలు" చూస్తే తెలుస్తుంది. మీరు రాసేవాళ్లు కానక్కర్లేదు, పోయి వెనక వరసలో కూర్చుంటే చాలు. వచ్చేది తక్కువమంది కాబట్టి కొత్త ముఖం ఇట్టే తెలిసిపోతుంది, సభ అయ్యాక ఎవరో ఒకరు టీకి పిలుస్తారు, ఆ టీ సభ కంటే ఎక్కువసేపు సాగుతుంది.

మీ సొంత జిల్లావాళ్ల వాట్సాప్ గ్రూపు కూడా దొరుకుతుంది, చేరండి, తప్పేం లేదు. పూతరేకులో, పండుగప్పో ఎవరో తెప్పిస్తే పంచుకోవచ్చు. కాకపోతే ఆ గ్రూపులో కలిసినప్పుడల్లా ఎండ, కారం, నీళ్లు అని కడపను తిట్టడమే కార్యక్రమమైతే మెల్లగా తప్పుకోండి, అది అంటువ్యాధి.

ఇట్లా ఓ ఆరు నెలలు గడిచేసరికి ఎవరిదో ఒక పెండ్లిపత్రిక మీ ఇంటికొస్తుంది. బండాయన కూతురిదో, ఆఫీసు అటెండరు కొడుకుదో. "మనమెవరికి తెలుసు అక్కడ" అని ఆగిపోకండి, పోండి. పోయి భోజనం చేసి, చదివింపుల పుస్తకంలో పేరు, ఊరు రాయించండి. అట్లాగే మీ ఇంట్లో ఏ చిన్న ఫంక్షనైనా సొంతూర్లోనే పెట్టుకోకుండా కనీసం పాప పుట్టినరోజు ఇక్కడ చెయ్యండి. వీధిలోవాళ్లను ఇంటింటికీ పోయి కుంకుమ బొట్టు పెట్టి పిలవండి. వాట్సాప్‌లో కార్డు పెడితే మా వైపు అది పిలిచినట్టు కాదు, ఎవరూ రారు, రాలేదని మీరు బాధపడతారు.