మాటల వాడకం – 6వ పాఠం: పద్ధతి, క్రమశిక్షణ, నియమం, నిష్ఠ

పోయిన పాఠంల కోపం మాటలు చూసినం, అలగడం వేరు, మండిపడడం వేరు అని. ఈసారి డిసిప్లిన్. తెలుగుల ఏమంటరు అని అడిగితే అందరు టక్కున క్రమశిక్షణ అనే చెప్తరు, కాని ఇంట్ల ఆ మాట రోజు ఎవలన్న అంటరా? అమ్మ "పద్ధతిగ ఉండు బిడ్డా" అంటది, నాయినమ్మ "జర కుదురుగ కూసో" అంటది, సారు "బుద్ధిగ చదువుకోండ్రి" అంటడు. క్రమశిక్షణ మాత్రం బడి గోడ మీద, పేపర్ల, మీటింగుల కనపడ్తది. అందుకే వ్యాసం రాయమంటె పిల్లలు ప్రతి లైన్ల అదే మాట నింపుతరు, ఇంట్ల విన్న మంచి మాటలన్ని పక్కకు పెడ్తరు, అవి కూడ రాసేటందుకు పనికొస్తయని ఎవరు చెప్పకపోవుడే దానికి కారణం.

ఈ పాఠంల మీరు పట్టుకోవాల్సింది ఒకటే ప్రశ్న. ఆ కట్టు ఎవలు పెట్టిన్రు, బయటోళ్లా, తనకు తానా? జవాబు తెలిస్తె మాట దానంతటదే దొరుకుతది.

ముందుగాల క్రమశిక్షణ. క్రమం, శిక్షణ, రెండు కలిసినయి. శిక్ష అనంగనె మనకు దెబ్బలు, జైలు గుర్తుకొస్తయి గాని సంస్కృతంల దాని అసలు అర్థం నేర్చుకోవడం, నేర్పడం. వేదాంగాలు ఆరింట్ల శిక్ష ఒకటి, అది ఉచ్చారణ నేర్పే శాస్త్రం. హిందీల ఇప్పటికి చదువును శిక్షా అనే అంటరు. తెలుగుల శిక్ష దండన వైపు పోయింది, శిక్షణ నేర్పుడు వైపు నిలిచింది. కాబట్టి క్రమశిక్షణ అంటె భయపెట్టి లొంగదీసుడు కాదు, ఒక క్రమంల తర్ఫీదు ఇచ్చుడు. దీంట్ల నేర్పేటోడు ఒకడు, నేర్చుకునేటోడు ఒకడు ఉంటరు, ఎక్కువగ పది మంది ఉన్న జాగల వాడ్తం. మామునూరు పోలీస్ ట్రైనింగ్ కాలేజీల ఉండేది క్రమశిక్షణ, ఎన్‌సీసీల ఉండేది క్రమశిక్షణ, పార్టీల గీత దాటితె తీసుకునేటివి క్రమశిక్షణా చర్యలు. దీని పక్కన వచ్చే క్రియలు గూడ చూస్కోండ్రి: క్రమశిక్షణ పాటిస్తం, ఉల్లంఘిస్తం, అలవరచుకుంటం. "క్రమశిక్షణ చేసిండు" అని మాత్రం రాయొద్దు, తెలుగు కాదది.

హిందీల డిసిప్లిన్‌ను అనుశాసన్ అంటరు గద, మనకు ఆ అర్థంల అంత వాడుక లేదు గాని మాట కొత్తది కాదు. భారతంల 13వ పర్వం పేరు ఆనుశాసనిక పర్వం, అంపశయ్య మీద ఉన్న భీష్ముడు ధర్మరాజుకు ధర్మాలు చెప్పేది అండ్లనే. హనుమకొండ వేయి స్తంభాల గుడి దగ్గర 1163 నాటి కాకతీయ రుద్రదేవుని శాసనం ఉన్నది గద, ఆ శాసనం అనే మాటకు గూడ ఇదే ధాతువు, అంటె మూలం.

ఇగ నియమం. ఇది తనకు తాను పెట్టుకునేది. పొద్దుగాల ఆర్ట్స్ కాలేజ్ గ్రౌండ్ల కానిస్టేబుల్ పరీక్షకు ఉరికే పిల్లలను చూడండ్రి, వాళ్లను ఎవలు లేపి పంపలే, సెలక్ట్ అయి ట్రైనింగ్‌కు పోతె అక్కడ విజిల్ ఊదుతరు, అది క్రమశిక్షణ, కాని ఇప్పుడు చీకట్ల లేసి షూ కట్టుకునేది వాళ్ల నియమం. నియమం పెట్టుకుంటం, తప్పుతం. ఆఫీసోళ్లు కాయితం మీద రాసిచ్చేదాన్ని నిబంధన అంటె బాగుంటది, హాల్ టికెట్ వెనుక ఉండేటివి నిబంధనలు. పెద్దోళ్ల నోట్లె ఇదే కాయిదా.

నిష్ఠల భక్తి, పట్టుదల రెండు ఉంటయి. నిలబడుడు అనే అర్థం లోపల ఉన్నది, అంటె ఒకదాని మీద కదలకుంట నిలుచుడు. శనివారం ఒక్కపొద్దు ఉండుడు నియమం, ఒంట్ల బాగలేకున్న దాన్ని ఇడువకపోవుడు నిష్ఠ. మేడారంల చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే కోయ పూజారులు చేసే పూజకు నిష్ఠ అనే రాయాలె, అక్కడ క్రమశిక్షణ అని రాస్తె ఆ భక్తి అంత పోతది.

నిగ్రహం, అదుపు దగ్గర దగ్గర ఉంటయి. బండి అదుపు తప్పుతది, మంటలు అదుపులకు వస్తయి, నిగ్రహం మాత్రం మనిషికే. కోపమో ఆశో పొంగే ఆ నిమిషంల ఆపుకునేది అది.

పద్ధతి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలె. ఇది చూసేటోళ్ల మాట, ఒకల నడత చూసి మనం ఇచ్చే సర్టిఫికెట్. "ఆ పిలగాడు మస్తు పద్ధతి" అంటె మాట, నడక, పెద్దలంటె గౌరవం అన్ని వచ్చినయి. అదే మాట ఆడపిల్లకు వచ్చేసరికి మనోళ్లు బట్టల మీదికి గుంజుతరు, పద్ధతిగల పిల్ల అంటె తల వంచుకొని పోయే పిల్ల అన్నట్టు, ఇది నాకు అస్సలు నచ్చదు. టైముకు కాలేజీకి పోయి, ఇచ్చిన మాట మీద ఉండే అమ్మాయి పద్ధతిగల అమ్మాయి, ఏ డ్రెస్ వేసుకున్న సరే. మీరు రాసేటప్పుడు ఆడ, మగ ఇద్దరికి ఒకే కొలతతోని ఈ మాట వాడండ్రి.

చివరికి మన దిక్కు మాట ఇగురం. తెలివి, పొదుపు, పని తీరు మూడు కలిసినది. మిర్చి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోకముందే తాలు కాయ వేరు చేసి, మంచిగ ఎండబెట్టి బస్తాలు కుట్టించే ఆమెను ఇగురం గల్లామె అంటరు. డిక్షనరీల డిసిప్లిన్ కింద ఈ మాట ఉండదు, కాని నన్ను అడిగితె ఉండాలె.

ఇగ అభ్యాసం, ఖాళీలు నింపండ్రి. ఎంత రెచ్చగొట్టినా ఆయన ____ కోల్పోలేదు. మంగళవారం మాంసం ముట్టొద్దని ఆమె ____ పెట్టుకున్నది. విప్ ధిక్కరించిన సభ్యుని మీద పార్టీ ____ చర్యలు తీసుకున్నది. మా వదిన వంటింట్ల సామాను ఎంత ____ సదురుతదో.

మొదటి మూడు నిగ్రహం, నియమం, క్రమశిక్షణా. నాలుగోదానికి పద్ధతిగ అన్నా ఒప్పే, ఇగురంగ అన్నా ఒప్పే, కాని అర్థం మారుతది: పద్ధతిగ అంటె ఏ డబ్బా ఉండాల్సిన జాగల అది ఉన్నది, ఇగురంగ అంటె ఉన్న ఇరుకు జాగలనె అన్ని పట్టించింది. మీ వదిన ఎసొంటామెనో చూసి రాయండ్రి. వచ్చే పాఠంల బద్ధకం, సోమరితనం, నిర్లక్ష్యం.