స్లెడ్ కుక్కల పందెంలో వాలంటీరు పని – పాఠం 3: కుక్కను పట్టుకోవడం

పోయిన పాఠంలో బట్టలు, బూట్లు అయిపోయాయి. ఈసారి అసలు పని. కుక్కను ట్రక్కు దగ్గర్నుంచి స్లెడ్ (మంచు మీద జారే బండి) దాకా తేవడం, తర్వాత జట్టు పక్కనే స్టార్ట్ లైన్ దాకా వెళ్లడం.

ఉదాహరణకి అలాస్కాలో 1973 నుంచి జరుగుతున్న ఇడిటరాడ్ పందేన్నే తీసుకుందాం. మార్చి మొదటి శనివారం ఆంకరేజ్ వీధుల్లో, లారీల్లో తెచ్చి పోసిన మంచు మీద, ఊరేగింపు లాంటి ప్రారంభం ఉంటుంది. హ్యాండ్లర్లు, అంటే మనలా కుక్కల్ని పట్టుకునేవాళ్లు, ఎక్కువమంది కావాల్సింది అప్పుడే. మర్నాడు మామూలుగా విల్లో నుంచి అసలు పరుగు, నోమ్ దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు.

ఈ పందేల్లో పరిగెత్తే అలాస్కన్ హస్కీ కుక్క చూడ్డానికి సన్నగానే ఉంటుంది, ఇరవై పాతిక కిలోలు. అది చూసి మోసపోకండి. పరుగు మొదలవబోతోందని తెలిస్తే మిమ్మల్ని మంచు మీద ఈడ్చుకుపోతుంది. అందుకే కాలర్ పట్టుకుని ముందు కాళ్లు నేలకి ఆనకుండా పైకెత్తండి. వెనక కాళ్ల మీద గెంతుకుంటూ వస్తుంది, బలం సగానికి పడిపోతుంది. ఎత్తేటప్పుడు గొంతు నొక్కుకుపోకుండా చూసుకోండి.

స్లెడ్ నుంచి ముందుకి సాగే పొడవాటి తాడు గ్యాంగ్‌లైన్. కుక్క కాలర్‌కి తగిలించేది నెక్‌లైన్, కుక్క ఒంటికి తొడిగే పట్టీ (హార్నెస్) వెనక కొసకి తగిలించేది టగ్‌లైన్. లాగుడంతా టగ్‌లైన్ మీదే. సాధారణంగా జట్టుకి ముందుండే లీడర్ కుక్కల్ని మొదట కడతారు, అవి తాడు బిగించి నిలబడితే మిగతావి చిక్కుపడవు. ఏ కుక్క ఎక్కడన్నది మషర్, అంటే స్లెడ్ నడిపే మనిషి, చెప్పాలి, మీరు ఊహించొద్దు.

గ్యాంగ్‌లైన్‌ని దాటొద్దు. చుట్టూ తిరిగి వెళ్లండి, ఎంత తొందరున్నా సరే. నేను మొదటిసారి ఒక్క అడుగే కదా అని దాటబోయాను. సరిగ్గా అప్పుడే డజను కుక్కలు ఒక్కసారిగా ముందుకి దూకాయి. వదులుగా పడున్న తాడు మోకాలి ఎత్తుకి లేచింది, నేను వెల్లకిలా పడ్డాను. మషర్ ఏమీ అనలేదు, ఆ చూపే చాలు.

స్టార్ట్ లైన్ దాకా వెళ్లేటప్పుడు మీ చేతిలో గ్యాంగ్‌లైన్‌కి తగిలించిన వేరే పట్టీ ఉంటుంది. దాన్ని మణికట్టుకి చుట్టుకోకండి. జారి పడితే వెంటనే వదిలేసి పక్కకి దొర్లండి, వెనక స్లెడ్ వస్తోంది. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకి. ఇవి మషర్ నోట రావాల్సిన మాటలు, ఉత్సాహం ఆపుకోలేక మీరు అరవకండి.

ఇంటి పని: తాళ్లు తగిలించే కొక్కెం లాంటిదే చిన్న ఇత్తడిది ఒకటి కొని అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. పల్చటి గ్లవ్స్ వేసుకుని, కళ్లు మూసుకుని, ఇరవైసార్లు తగిలించి తీయండి. మొదటిరోజు చిరాకేస్తుంది. మూడో రోజుకి వేళ్లే చూసుకుంటాయి.

వచ్చే పాఠం: పందెం మధ్యలో జట్టు నుంచి తప్పించిన కుక్కల్ని గడ్డి పరుపు మీద ఎలా చూసుకోవాలి, అవి తిండి ముట్టకపోతే వెటర్నరీ డాక్టర్‌కి ఏం చెప్పాలి.